సదరు మోకాలు

నగరానికి ఉత్తరాన రెండు కొండలు పక్కపక్కనే నిలబడి, మధ్యలో ఒక సన్నని సందు విడిచిపెట్టాయి. ఆ సందులోంచి దిగే నీటిని చుట్టుపక్కల వాళ్లు నెమలిగెడ్డ అంటారు. నిలువు రాతిగోడల మధ్య ఆ గెడ్డ కొన్నిచోట్ల పాదాలు తడిపేంతే పారుతుంది, కొన్నిచోట్ల మనిషి మీద మనిషి నిలబడ్డా అందనంత లోతుగా మడుగు కడుతుంది. మడుగులన్నిటిలోకీ పెద్దది దుప్పిమడుగు. ఎండాకాలంలో గెడ్డ పారడం మానేసినా అందులో నీళ్లుంటాయి. దిగువనున్న నెమలిపాలెం ఆడవాళ్లు, కుళాయి ఎండిపోయే మే నెలంతా ఆ నీళ్లతోనే నెట్టుకొస్తారు.

ఆదివారం వస్తే నగరం సగం అక్కడే ఉంటుంది. బిర్యానీ పొట్లాలతో వస్తారు, తడుస్తారు, ఫొటోలు తీసుకుంటారు, చెప్పులు పోగొట్టుకుని వెళ్తారు. ఇన్నేళ్లలో ఆ గెడ్డలో ఎవరూ మునిగి చనిపోలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ ఏడాది దేశంలోని నగరాలకు 'సురక్షిత జలస్థలాల' ర్యాంకులు ఇచ్చారు. మన నగరం అడుగు నుంచి రెండోది. ఎందుకయ్యా అని ఆరా తీస్తే, 'నీట మునిగిన మరణాలను గత సంవత్సరంతో పోల్చితే ఎంత శాతం తగ్గించారు?' అన్న ప్రశ్నకు మనవాళ్లు సున్నా అని రాశారట. చనిపోయినవాళ్లే లేనప్పుడు తగ్గించడం ఎలా? పొరుగు జిల్లా నగరంలో ఏటా బోలెడంత మంది మునిగేవారు, ఈసారి కాస్త తక్కువమంది మునిగారు. వాళ్లకు వెండి కప్పు ఇచ్చారు.

ఈ అవమానం భరించలేక ప్రభుత్వం 'కొండవాగుల భద్రత, క్రమబద్ధీకరణ మరియు సుందరీకరణ ప్రాధికార సంస్థ'ను నెలకొల్పింది. ఆ పేరు పూర్తిగా పలికేసరికి ఊపిరి అందదు కాబట్టి పాలెం జనం దాన్ని గెడ్డాఫీసు అన్నారు. దానికి డైరెక్టరుగా వచ్చినాయన పేరు వామనరావు. పేరు అదే కానీ మనిషి ఆరడుగుల పైచిలుకు. అంతకుముందు గిడ్డంగుల శాఖలో పనిచేశారు. ధాన్యం బస్తాలు చెప్పినచోట చెప్పినట్టు ఉంటాయి, నీళ్లు అలా ఉండవు అన్న సంగతి ఆయనకు మొదటిరోజు నుంచీ కోపం తెప్పిస్తూనే ఉంది.

వచ్చిన వారానికే గెడ్డ మొదట్లో ఒక బోర్డు లేచింది. 'సందర్శకులు మోకాలి లోతు దాటి దిగరాదు. అతిక్రమించినవారు శిక్షార్హులు.' బోర్డు పక్కన లోవరాజు అనే గార్డును ఈల ఇచ్చి నిలబెట్టారు.

మొదటి ఆదివారమే గొడవయింది. కోదండపాణి అనే బ్యాంకు మేనేజరు భార్యతో కలిసి నీళ్లలో దిగాడు. ఆయన తాటిచెట్టంత మనిషి, ఆవిడ లలిత ఆయన మోచేతి దగ్గర ఆగిపోతుంది. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఒకేచోట నిలబడ్డారు. లోవరాజు ఈల వేశాడు.

"అమ్మగారూ, బయటికి వచ్చీయండి. మోకాలు దాటీసినారు."

"నేనెక్కడికీ దాటలేదు. నా మోకాలు నా కాలికే ఉంది. దాటింది నీళ్లు," అంది లలిత.

కోదండపాణి కలగజేసుకున్నాడు. "ఏమయ్యా, ఇద్దరం ఒకేచోట ఉన్నాం కదా! నేను చట్టానికి లోబడ్డాను, మా ఆవిడ అతిక్రమించిందీ అంటే ఎలా?"

"నాకా గొడవలన్నీ తెల్దు బాబూ. మీకు మోకాలు కనిపిస్తంది, అమ్మగారికి కనపళ్లేదు. కనపళ్లేదంటే తప్పే."

ఆవిడకు జరిమానా వేశారు. కోదండపాణి ఇంటికి వెళ్లి, సమాచార హక్కు చట్టం కింద ఒక్క ప్రశ్న పంపాడు. 'బోర్డు మీద పేర్కొన్న మోకాలు ఎవరిది?'

గెడ్డాఫీసులో కలకలం రేగింది. సూపరింటెండెంటు సోమయాజులు పుట్టి బుద్ధెరిగాక ఇలాంటి ప్రశ్న చూడలేదు. 'సమాచారం అందుబాటులో లేదు' అని రాద్దామంటే, లేని మోకాలి మీద జరిమానా ఎలా వేశారని మళ్లీ అడుగుతాడు. వామనరావు గారు వెంటనే మోకాలి నిర్ధారణ సంఘం వేశారు. ఆయన అధ్యక్షులు, సోమయాజులు కార్యదర్శి, పెద్దాసుపత్రి ఎముకల డాక్టరు విశాలాక్షి నిపుణురాలు. ముగ్గురూ ఒక ఫొటోగ్రాఫరును వెంటబెట్టుకుని గెడ్డ ఒడ్డున సమావేశమయ్యారు.

"తమరి మోకాలినే ప్రమాణంగా ప్రకటిస్తే సంస్థకే గౌరవం సార్," అన్నాడు సోమయాజులు.

వామనరావు గారు తన మోకాలి వైపు కాసేపు ఆప్యాయంగా చూసుకున్నారు. "వద్దు. రేపు నాకు బదిలీ అయితే ప్రమాణం కూడా బదిలీ అవుతుంది. పరిపాలనలో కొనసాగింపు ముఖ్యం."

"అసలు మోకాలంటే గీత కాదండీ," అంది డాక్టరు విశాలాక్షి. "అదొక కీలు. చిప్ప పైనా, చిప్ప మధ్యా, కిందా? మీకు ఏది కావాలి?"

"డాక్టరు గారూ, విషయాన్ని జటిలం చేయకండి. ప్రభుత్వానికి మోకాలు కావాలి, పాఠం కాదు."

చర్చ అక్కడే ఆగింది. ఫొటోగ్రాఫరుకు ఏం తియ్యాలో తోచలేదు. కొంచెం అవతల నీళ్లలో నిలబడి ఒకావిడ అల్యూమినియం బేసిను తోముకుంటోంది. చీర కుచ్చెళ్లు ఎగదోపి ఉంది. నీళ్లు సరిగ్గా ఆమె మోకాలి దగ్గర ఉన్నాయి. ఊరకే ఒక ఫొటో తీశాడు. సంఘం ఏమీ తేల్చకుండానే టీ తాగి వెళ్లిపోయింది. సమావేశం జరిగినట్టు రుజువు కావాలి కాబట్టి సోమయాజులు ఆ ఫొటోను ఫైలుకు జతపరిచి రాజధానికి పంపాడు.

ఫైలు తిరిగొచ్చింది. చివరి పేజీలో ఎర్ర సిరాతో ఒకే వాక్యం ఉంది. 'జతపరచిన మోకాలు ఆమోదించడమైనది.'

ఆ మోకాలు లెంక దేముడమ్మది. నెమలిపాలెం మనిషి, యాభై దాటిన వయసు. గెడ్డ దగ్గర నిప్పుల మీద మొక్కజొన్న పొత్తులు కాల్చి, ఉప్పూ కారం నిమ్మకాయా రాసి అమ్ముతుంది. భర్త పోయాక కొడుకూ కోడలితో ఉంటోంది. కొడుకు లారీ మీద తిరుగుతాడు. ఇల్లు నడిపేది ఆమె, కోడలు నీలవేణి, ఇద్దరే. సోమయాజులు చేతిలో ఉత్తర్వుతో వెళ్లేసరికి దేముడమ్మ పొత్తులు తిప్పుతోంది.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, నీ మోకాలిని ప్రామాణిక మోకాలుగా నియమించడమైనది," అని చదివాడు.

"ఏటి బాబూ, నా మోకాలికి ఉజ్జోగమా? మరి నాకో?"

"నీకు కాదు. నియామకం మోకాలికే. నువ్వు దాని వెంట రావాలి."

దేముడమ్మ విసనకర్ర ఆపి తన కాలి వంక చూసుకుంది. ఇన్నాళ్లూ అది నడవడానికే అనుకుంది. "ఏ కాలు బాబూ? కుడిదా, ఎడందా?"

సోమయాజులు ఉత్తర్వు మళ్లీ చదివాడు. అందులో లేదు. ఫొటోలో కుడికాలు ముందుంది కాబట్టి కుడి అని అక్కడికక్కడే పెన్నుతో చేర్చి, పక్కన పొట్టి సంతకం పెట్టాడు.

ఆమెకు గుర్తింపు కార్డు ఇచ్చారు. కార్డు మీద మొహం లేదు, మోకాలి ఫొటో ఉంది. మొదటిరోజు ఆఫీసు గేటు దగ్గర కాపలావాడు కార్డు చూసి, మనిషిని చూసి, "ఇది నువ్వేనని గ్యారంటీ ఏటి? సూపించు" అన్నాడు. "సూపిస్తాను, మీ ఆవిడని కూడా రమ్మను, మీ ఇద్దరికీ కలిపి సూపిస్తాను" అని ఆమె గట్టిగా అనేసరికి గేటు తీశాడు.

పని కష్టమైనదేమీ కాదు. రోజూ పొద్దున్నే ఒడ్డు నుంచి నెమ్మదిగా నీళ్లలోకి నడవాలి. నీళ్లు కుడి మోకాలి చిప్పను తాకగానే "వచ్చీసినాది" అని కేకెయ్యాలి. లోవరాజు అక్కడ ఎర్రజెండా పాతుతాడు. అలా గెడ్డ పొడుగునా నడిచి, ఎక్కడెక్కడ జనం ఆగాలో తేల్చాలి. దేముడమ్మకు ఇది బాగానే ఉంది. పాలెంలో అంతదాకా ఆమెను ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు కుళాయి దగ్గర ఆడవాళ్లు పక్కకు జరిగి, "మోకాలమ్మ వచ్చినాది, దారియ్యండి" అని నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. ఆ నవ్వులో కాస్త గర్వం కూడా ఉండేది.

చలికాలం వచ్చేసరికి గర్వం తగ్గింది. మంచు కురిసే పొద్దుల్లో రాతిసందులో నీళ్లు ఇనుములా చల్లగా ఉంటాయి. అసలే అరిగిపోయి ఉన్న కుడి మోకాలు వాచింది. రాత్రిళ్లు నీలవేణి ఉప్పుకాపడం పెట్టేది. తెల్లారేసరికి దేముడమ్మ మళ్లీ నీళ్లలో దిగేది. మెట్టు ఎక్కాలంటే గోడ పట్టుకోవలసి వచ్చింది. చివరికి పెద్దాసుపత్రికి వెళ్తే, డాక్టరు విశాలాక్షి ఎక్స్‌రే చూసి తల పట్టుకుంది.

"అమ్మా, ఈ కీలులో గుజ్జు అన్నది మిగల్లేదు. మార్చాల్సిందే. పథకంలో ఉచితంగానే చేస్తాం. ముందు నీళ్లలో నిలబడడం మానెయ్యి."

"అది నాది కాదు తల్లీ, ఆఫీసుది. ఆళ్లని అడిగి వస్తాను."

డాక్టరు గారికి మోకాలి నిర్ధారణ సంఘం గుర్తొచ్చింది. ఎక్స్‌రేను కవరులో పెట్టి దేముడమ్మ చేతికిచ్చింది.

వామనరావు గారు అర్జీ చదివి నిర్ఘాంతపోయారు. "ప్రమాణాన్ని మార్చడమా! మీటరు బద్దకు నొప్పి పుట్టిందని దాన్ని పొట్టి చేస్తామా? సదరు మోకాలు నీ శరీరంలో ఉన్నప్పటికీ అది సంస్థ ఆధీనంలోని స్థిరాస్తి. మరమ్మతులకు ఆర్థిక శాఖ అనుమతి తప్పనిసరి."

"మోకాలు ఆఫీసుదైతే నొప్పి కూడా ఆఫీసుదే కదా బాబూ. అది తీసీసుకోండి, మోకాలు మీకాడే ఉంచుకోండి."

"నొప్పి విషయం ఉత్తర్వులో ప్రస్తావించబడలేదు," అన్నారు డైరెక్టరు గారు.

ఆయన మనసు అప్పటికే మరో పెద్ద ఆలోచనలో ఉంది. ర్యాంకులు ఇచ్చే పరిశీలకులు వేసవిలో మళ్లీ వస్తున్నారు. గెడ్డ నిండా ఎర్రజెండాలే కనిపిస్తే ఏం బాగుంటుంది? జెండాలు పీకాలంటే నీళ్లు ఎక్కడా మోకాలు దాటకూడదు. ఆయనకు ఒక సూత్రం తట్టింది. సిబ్బందిని పిలిచి బల్ల గుద్ది చెప్పారు.

"ఇంతకాలం నీటికి తగినట్టు మోకాలు నడిచింది. ఇకపై మోకాలికి తగినట్టు నీరు నడుచును. గెడ్డలోని మడుగులన్నిటినీ కాంక్రీటుతో పూడ్చి, ఆద్యంతం మోకాలి లోతుకు సమం చేయవలెను. దుప్పిమడుగుతో ప్రారంభం."

కాంట్రాక్టరు వచ్చాడు. కాంక్రీటు కలిపే యంత్రాలు కొండ కింద రోడ్డు మీద వరసగా నిలిచాయి. ఇక దుప్పిమడుగు ఒడ్డున ప్రామాణిక మోకాలు నిలబడి, ఎంతవరకు పోయాలో గుర్తు పెట్టించడమే తరువాయి.

ఆ సాయంత్రం నీలవేణి పొయ్యి దగ్గర గిన్నెలు చప్పుడు చేస్తూనే ఉంది. ఎంతకీ మాట్లాడదు. చివరికి దేముడమ్మే అడిగింది.

"ఏటే, ఏటయినాది?"

"ఏటవ్వాలత్తా? దుప్పిమడుగు పూడ్చీస్తే మే నెల్ల ఏటి తాగుతాం? నీ మోకాలు పిండుకుని తాగాలా? పాలెంలో అందరూ నన్నడుగుతన్నారు, మీ అత్త మోకాలు మా గొంతుకలు ఎండగట్టీసినాదని."

మర్నాడు కుళాయి దగ్గర ఎవరూ పక్కకు జరగలేదు, ఎవరూ నవ్వలేదు. బిందెలు ఒకదాని వెనక ఒకటి కదులుతుంటే ఆమె బిందె మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. ఆ బిందె ఖాళీగానే చంకనెత్తుకుని, కుంటుకుంటూ గెడ్డాఫీసుకు వెళ్లింది.

"మడుగు పూడ్చమని నాను సెప్పలేదు బాబూ. మా పేనాలు ఆ నీటి మీదే ఉన్నాయి."

"మీరు చెప్పారని ఎవరన్నారు?" అన్నారు వామనరావు గారు మర్యాదగా. "చెప్పింది మీ మోకాలు. శాస్త్రీయ ప్రమాణానికి వ్యతిరేకంగా వ్యక్తిగత అభిప్రాయాలను సంస్థ స్వీకరించదు. రేపు ఉదయం సదరు మోకాలిని వెంటబెట్టుకుని మడుగు దగ్గర హాజరుకాగలరు."

ఆమె బయటికి వచ్చి, ఆఫీసు మెట్ల మీద కూలబడింది. కాలు సలుపుతోంది. ఒక్కొక్క సలుపూ ఆమెకు ఏదో చెప్పినట్టే అనిపించింది. రేపు తాను వెళ్లకపోతే ఇంటికొచ్చి తీసుకుపోతారు. ఎక్కడ దాక్కున్నా మోకాలు తనతోనే ఉంటుంది. తన వెంట రాకుండా దాన్ని ఎక్కడ వదిలెయ్యాలి? అలా కూర్చుని కూర్చుని, ఒక్కసారిగా లేచింది. ఖాళీ బిందెతోనే ఆటో ఎక్కి పెద్దాసుపత్రికి పోయింది.

"తల్లీ, ఇప్పుడే తీసీగలవా?" అని అడిగింది.

"ఆఫీసు అనుమతి వచ్చిందా?" అంది డాక్టరు విశాలాక్షి.

"నా కాలు నాను పుట్టినప్పుటి నుంచీ నాతోనే ఉంది. గెడ్డాఫీసు మొన్న పుట్టినాది. నాకెవలి అనుమతి?"

డాక్టరు విశాలాక్షి ఆమెను ఆ పూటే చేర్చుకుంది. మర్నాటి జాబితాలో మొదటి పేరు ఆమెదే.

పొద్దున దుప్పిమడుగు దగ్గర కాంట్రాక్టరూ, కూలీలూ, డైరెక్టరు గారూ మోకాలి కోసం ఎదురుచూశారు. అది రాలేదు. కబురు అందేసరికి వామనరావు గారి మొహం పాలిపోయింది. "సోమయాజులూ, ప్రమాణం ఆపరేషన్ బల్ల మీద ఉంది. పరుగెత్తు!"

సోమయాజులు ఆఫీసు ముద్రతో సహా పరుగెత్తాడు. అతను థియేటరు గుమ్మం చేరేసరికి పని ముగిసింది. విశాలాక్షి చేతి తొడుగులు విప్పుతూ బయటికి వచ్చింది.

"డాక్టరు గారూ, మోకాలు ఏది?"

"కొత్తది ఆమె కాల్లో ఉంది. పాత ముక్కలు పసుపు సంచిలోకి పోతున్నాయి. కాల్చేస్తారు."

"కాల్చేస్తారా! అమ్మా, అది ప్రభుత్వ ప్రమాణం! రాజధానిలో ఎర్ర సిరాతో ఆమోదించిన మోకాలు!" సోమయాజులు ఆఫీసు ముద్ర పైకెత్తి చూపించాడు. "అది లేకపోతే నా పింఛను ఏమౌతుంది?"

ఆవిడ అతన్ని కాసేపు జాలిగా చూసింది. లోపలికి వెళ్లి, అరిగిన ఎముక ముక్కలను మందు నీళ్లలో వేసిన గాజు సీసా ఒకటి తెచ్చి చేతిలో పెట్టింది. సోమయాజులు దాన్ని రెండు చేతులా గుండెలకు హత్తుకుని, ఆఫీసు జీపులో ముందు సీట్లో కూర్చోబెట్టి, తాను వెనక సీట్లో కూర్చుని తీసుకొచ్చాడు.

సీసాను డైరెక్టరు గారి బల్ల మీద ప్రతిష్ఠించారు. అయితే సీసా నీళ్లలో నడవదు, కేకెయ్యదు. కాబట్టి కొత్త ఉత్తర్వు కావలసి వచ్చింది. వామనరావు గారు స్వయంగా చెప్పి రాయించారు. 'ఇకపై మోకాలి లోతు అనగా, సదరు మోకాలు నేలమట్టం నుండి ఎంత ఎత్తున ఉన్నదో అంత లోతు అని అర్థం చేసుకోవలెను.'

బల్ల ఎత్తు నడుముదాకా ఉంటుంది. ఆ లెక్కన లోవరాజు ఎర్రజెండాలన్నీ పీకి, నడుము లోతున మళ్లీ పాతాడు. ఆదివారం వచ్చిన జనం సంతోషించారు. దుప్పిమడుగు మాత్రం నడుముకు ఎన్నో రెట్ల లోతు. కాంట్రాక్టరు కాస్త తక్కువ కాంక్రీటుతో సరిపెడతానన్నాడు. యంత్రాలు రోడ్డు మీదే ఉన్నాయి.

కొన్ని వారాలకు దేముడమ్మ చేతికర్ర పట్టుకుని, నీలవేణి భుజం మీద చెయ్యేసి, గుర్తింపు కార్డు తిరిగిచ్చెయ్యడానికి ఆఫీసుకు వచ్చింది. కొత్త మోకాలు ఇంకా బిగుతుగా ఉంది కానీ సలుపు లేదు. డైరెక్టరు గారు భోజనం చేస్తున్నారు. టిఫిను డబ్బాకూ మజ్జిగ సీసాకూ మధ్య ఆమె పాత మోకాలు ఉంది.

"ఓలమ్మో! అన్నం కాడ ఎముకలేటి బాబూ?" అంది దేముడమ్మ.

"అవి ఎముకలు కావు, ప్రమాణం," అన్నారు వామనరావు గారు పప్పు కలుపుకుంటూ.

"పెమాణమైతే మాత్రం! ఎవులి మోసెయ్యో తగిలి పడిపోతే? మజ్జిగనుకుని ఎవులైనా ఎత్తీసినా కష్టమే. అదిగో, ఆ బీరువా మీన ఎట్టండి. ఎత్తుగా ఉంటాది. అంత పెద్ద సర్కారోళ్ల సామాను, గౌరవంగా ఉండొద్దేటి?"

గౌరవం అన్న మాట వామనరావు గారికి నచ్చింది. మజ్జిగ సీసా వైపు ఒకసారి అనుమానంగా చూశారు కూడా. బంట్రోతు స్టూలెక్కి సీసాను ఇనుప బీరువా మీదికి చేర్చాడు. దేముడమ్మ కార్డు ఇచ్చేసి, నమస్కారం పెట్టి వెళ్లిపోయింది. తెలిసే అన్నావా అత్తా అని దారిలో నీలవేణి అడిగితే, "ఎముకలు అన్నం కాడ ఉండకూడదే" అని మాత్రం అంది.

ఆ సాయంత్రం ఉత్తర్వు ప్రకారం ఎత్తు తిరగ రాయడానికి కూర్చున్న సోమయాజులు చేతిలో పెన్ను ఆగిపోయింది. నేలమట్టం నుంచి అని ఉంది, తామేమో ఇన్నాళ్లూ గది గచ్చు నుంచి కొలిచారు. గెడ్డాఫీసు రెండో అంతస్తులో ఉంది. దాని మీద బీరువా, బీరువా మీద సీసా. అతను వరండాలోకి వెళ్లి కిందికి తొంగిచూసి, కళ్లు తిరిగి, వెనక్కి వచ్చి డైరెక్టరు గారికి విన్నవించాడు.

"సార్, ఈ లెక్కన మోకాలి లోతు దుప్పిమడుగు కన్నా ఎక్కువ. గెడ్డ మొత్తంలో మోకాలు దాటే చోటే లేదు."

వామనరావు గారు కళ్లు మూసుకున్నారు. తెరిచేసరికి వాటిలో తడి ఉంది. "ఒక్క బస్తా సిమెంటు వాడకుండా గెడ్డ అంతటినీ మోకాలి లోతుకు తెచ్చాం. దేశంలో ఇలాంటిది జరిగిందా?"

'పూడ్పు అవసరం లేనందున పనులు నిలుపుదల చేయడమైనది' అని ఉత్తర్వు వెళ్లింది. కాంట్రాక్టరు తిట్టుకుంటూ యంత్రాలు తోలుకుపోయాడు. ఎర్రజెండాలన్నీ లేచిపోయాయి. పాలెం కుళాయి దగ్గర ఆడవాళ్లు మళ్లీ పక్కకు జరగడం మొదలుపెట్టారు.

మే నెల వచ్చింది. గెడ్డ సన్నని దారంలా మిగిలింది. దుప్పిమడుగు మాత్రం నల్లగా, చల్లగా, నిండుగా ఉంది. ర్యాంకుల పరిశీలకులు ఇద్దరు రాజధాని నుంచి దిగారు. వామనరావు గారు తెల్ల ప్యాంటూ తెల్ల చొక్కా వేసుకుని, తెల్ల టోపీ పెట్టుకుని వాళ్లను మడుగు దగ్గరికి తీసుకొచ్చారు. పాలెం ఆడవాళ్లు ఒకపక్క బిందెలు ముంచుకుంటున్నారు. దేముడమ్మ ఒడ్డు పక్కనే నీళ్లలో మునిగి ఉన్న రాతిమెట్టు మీద నడుము లోతున నిలబడి బేసిను తోముకుంటోంది. కొత్త మోకాలు బాగా వంగుతోంది.

"ఇది మా సంస్థ కిరీటంలో కలికితురాయి," అన్నారు వామనరావు గారు. "రికార్డుల ప్రకారం ఆద్యంతం మోకాలి లోపే."

"చూస్తే లోతుగా ఉన్నట్టుందే," అన్నాడు ఒక పరిశీలకుడు.

"నీరు నల్లగా ఉండడం వల్ల అలా భ్రమ కలుగుతుంది."

"అయితే మీరు ఒకసారి మధ్యలో నిలబడితే ఫొటో తీసుకుంటాం. అత్యున్నత స్థాయి అధికారి స్వయంగా దిగి చూపినవాటికి పూర్తి మార్కులు ఇవ్వమని మాకు ఆదేశాలున్నాయి."

సోమయాజులు డైరెక్టరు గారి చొక్కా అంచు మెల్లగా లాగాడు. ఆయన విదిలించుకున్నారు. ఆరడుగుల పైచిలుకు మనిషికి మోకాలి లోతు ఏపాటి? ప్యాంటు మడతపెట్టుకున్నారు. సరిగ్గా మోకాలి దాకా.

"బాబూ, ఒద్దు, ఆ పక్కన మెట్టు లేదు!" అని అరిచింది దేముడమ్మ.

"రికార్డులో ఉంది," అని ఆయన అడుగు వేశారు.

ఆ తరువాత కాసేపు డైరెక్టరు గారు కనిపించలేదు. నీటి మీద టోపీ తిరుగుతోంది, దాని చుట్టూ బుడగలు వస్తున్నాయి. లోవరాజు ఈల నోటి దాకా తీసుకెళ్లి ఆగిపోయాడు. మోకాలు దాటితే ఈల వెయ్యమన్నారు, ఇక్కడ మోకాలు దాటే చోటే లేదన్నారు. పరిశీలకులు ఫొటో తియ్యాలా వద్దా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

దేముడమ్మ బేసిను వదిలేసింది. రాతిమెట్టు అంచు దాకా వెళ్లి, కొత్త మోకాలిని రాతికి తన్నిపెట్టి, నీళ్లలోకి చెయ్యి చాచి అందిన కాలరు పట్టుకుని పైకి లాగింది. వామనరావు గారి తల బయటికొచ్చింది. ముక్కులోంచీ నోట్లోంచీ నీళ్లు కక్కుతూ, రెండు చేతులతో ఆమె ముంజేతిని వాటేసుకున్నారు. కాళ్ల కింద ఏమీ లేదు. కాసేపు దగ్గి, ఊపిరి తీసుకుని, ఒడ్డు వైపు తల తిప్పారు.

"సోమయాజులూ... రికార్డు ప్రకారం... ఇక్కడ లోతెంత?"

"మోకాలి లోపే సార్," అన్నాడు సోమయాజులు.

"అయితే నేను మునగలేదు. రాసుకో. డైరెక్టరు మునగలేదు. మునిగే అవకాశమే లేదు."

దేముడమ్మ ఆయన మొహంలోకి వంగి చూసింది.

"అయితే ఒగ్గీమంటారేటి బాబూ?"

ఆడవాళ్లు బిందెలు పక్కన పెట్టి తాడు తెచ్చేదాకా డైరెక్టరు గారు ఆమె చెయ్యి వదల్లేదు.